రాక్ అండ్ రోల్ ఎవరి చేతుల్లో తయారైంది? పాట నిర్మాణం, పేరు, డబ్బు లెక్క

తెల్లజాతి గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ జీవితంపై 2022లో ఒక సినిమా వచ్చింది. మరుసటి ఏడాది నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్‌పై డాక్యుమెంటరీ వచ్చింది. 2024లో నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అప్పటికి ఆమె చనిపోయి 40 ఏళ్లు. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా పాత వాదన మళ్లీ మొదలవుతుంది. తెల్లవాళ్లు ఈ సంగీతాన్ని దొంగిలించారని ఒకరంటారు. సంగీతానికి జాతి ఏమిటి, అందరూ కలిసి చేసిందే కదా అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల్లో ఏది పట్టుకున్నా అసలు జరిగిందేమిటో తెలియదు. పాటలో ఏ భాగం ఎవరి దగ్గర తయారైంది, దాని మీద వచ్చిన డబ్బు ఏ నిబంధన ప్రకారం ఎవరికి చేరింది అన్న రెండు ప్రశ్నలకు మాత్రం రికార్డుల్లోనే జవాబులున్నాయి.

క్లుప్తంగా

రాక్ అండ్ రోల్‌లో వినిపించే ప్రధాన భాగాలన్నీ 1938 నుంచి 1955 మధ్య నల్లజాతి సంగీతకారుల రికార్డుల్లో ఒక్కొక్కటిగా రూపుదిద్దుకున్నాయి. 1954–56లో కొత్తగా మారింది ప్రధానంగా శ్రోతలు, అమ్మకం దారులు. అమెరికా కాపీరైట్ చట్టం పాట రాసినవారికి హక్కు ఇచ్చింది కానీ పాడిన తీరుకు, వాయించిన తీరుకు ఇవ్వలేదు. నల్లజాతి కళాకారుల సృష్టిలో ఎక్కువ భాగం ఆ తీరులోనే ఉంది కాబట్టి నష్టమూ అక్కడే జరిగింది. రాసిన హక్కు ఉన్నచోట కూడా ఇతరుల పేర్లు వచ్చి చేరాయి.

‘మొదటి పాట’ కోసం వెతికితే ఎందుకు తేలదు

మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఏదంటే చాలామంది ‘రాకెట్ 88’ అంటారు. 1951 మార్చిలో మెంఫిస్ నగరం, 706 యూనియన్ అవెన్యూలోని శామ్ ఫిలిప్స్ స్టూడియోలో అది రికార్డయింది. రికార్డు లేబుల్ మీద ‘జాకీ బ్రెన్‌స్టన్ అండ్ హిజ్ డెల్టా క్యాట్స్’ అని ఉన్నా, వాయించింది ఐక్ టర్నర్ బృందం ‘కింగ్స్ ఆఫ్ రిథమ్’. బ్రెన్‌స్టన్ ఆ బృందంలో సాక్సఫోన్ వాయించే సభ్యుడు.

అయితే ఆ పాట కూడా జిమ్మీ లిగిన్స్ 1947 నాటి ‘క్యాడిలాక్ బూగీ’ని ఆధారం చేసుకున్నదే. అదే 1947లో రాయ్ బ్రౌన్ ‘గుడ్ రాకింగ్ టునైట్’ పాడాడు. 1948లో వైనోనీ హారిస్ దాన్ని చప్పట్లతో, మరింత ఊపుతో పాడి నల్లజాతి పాటల చార్టులో మొదటి స్థానానికి తీసుకెళ్లాడు. ఫ్యాట్స్ డామినో ‘ద ఫ్యాట్ మ్యాన్’ 1949 డిసెంబరులో న్యూ ఓర్లీన్స్‌లో రికార్డయింది. ఇంకా వెనక్కి వెళితే, సిస్టర్ రొసెటా థార్ప్ 1944లో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’ 1945లో చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. అది భక్తిగీతం. దానిలో ఎలక్ట్రిక్ గిటార్, బూగీ పియానో, డ్రమ్స్ మూడూ ఉన్నాయి.

ఒక్కో రికార్డులో ఒక్కో భాగం కొత్తగా చేరింది కాబట్టి ఏ ఒక్కదాన్నో ‘మొదటిది’ అని ముద్ర వేయడం కుదరదు. ఈ జాబితాలో ఒక విషయం మాత్రం తప్పక కనిపిస్తుంది. 1954కు ముందున్న పోటీదారుల్లో దాదాపు అందరూ నల్లజాతివారే.

పాటను విప్పి చూస్తే

రాక్ అండ్ రోల్ చట్రం పన్నెండు బార్ల (లయ ఆవృత్తాల) బ్లూస్, అంటే అమెరికా దక్షిణాది నల్లజాతివారి పాట పద్ధతి. బార్‌కు నాలుగు బీట్లు. మన స్వరాల లెక్కలో చెప్పుకుంటే, షడ్జమం మీద కట్టిన కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) నాలుగు బార్లు, శుద్ధ మధ్యమం మీద రెండు, తిరిగి షడ్జమం మీద రెండు, పంచమం మీద ఒకటి, మధ్యమం మీద ఒకటి, చివర రెండు బార్లు షడ్జమం మీద. దీనిమీద గొంతు పలికే గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఊగుతూ ఉంటుంది. పియానో మీద ఆ స్వరానికి మెట్టు లేదు. అందుకే పియానిస్టులు పక్కపక్క మెట్లు రెండూ నొక్కి లేదా ఒకదాన్నుంచి మరోదానికి జారి ఆ ధ్వనిని పట్టుకున్నారు. గిటారిస్టులు తీగను లాగి వంచారు.

రెండో భాగం బూగీ-వూగీ ఎడమచేయి. బార్‌కు ఎనిమిది స్వరాలు, ఆగకుండా: స గ ప ధ ని ధ ప గ. అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం కలిసి హరికాంభోజి స్వరాల్లా వినిపిస్తాయి. 1938 డిసెంబరు 23న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో జరిగిన కచేరీలో పియానిస్టు పీట్ జాన్సన్, గాయకుడు బిగ్ జో టర్నర్ ఈ శైలిని వినిపించాక దేశమంతా బూగీ మోజు పట్టుకుంది. ఆ ఎడమచేతి పనిని గిటార్ మీదకు తేవడమే నల్లజాతి గిటారిస్టు, గాయకుడు చక్ బెర్రీ లయ రహస్యం. రెండు మంద్ర తీగల మీద స-ప, స-ధ జంటలను మార్చి మార్చి కొడితే ఆ నడక వస్తుంది. ఆయన పక్కన పియానో వాయించిన జానీ జాన్సన్ ప్రభావం ఇక్కడ బలంగా ఉంది. ‘జానీ బి. గుడ్’ శ్రుతి బి-ఫ్లాట్. గిటారిస్టు తనంతట తాను ఎంచుకునే శ్రుతి కాదది. పియానో, సాక్సఫోన్ వాయించేవారికి అనువైనది.

మూడోది బ్యాక్‌బీట్: నాలుగు బీట్లలో రెండు, నాలుగు మీద గట్టి దెబ్బ. దీని ఇల్లు చర్చి. హోలీనెస్, పెంటెకోస్టల్ నల్లజాతి చర్చిల్లో డ్రమ్స్, గిటార్, టాంబరిన్ ఆరాధనలో భాగం. చప్పట్లు రెండు, నాలుగు మీదే పడతాయి. రొసెటా థార్ప్ పెరిగింది అలాంటి చర్చిలోనే. 1947లో జార్జియా రాష్ట్రం మేకన్‌లో తన కచేరీలో ఒక కుర్రాణ్ణి వేదికెక్కించి పాడించిందామె. అతనే తర్వాతి కాలపు లిటిల్ రిచర్డ్. ‘ద ఫ్యాట్ మ్యాన్’లో డ్రమ్మర్ ఎర్ల్ పామర్ బ్యాక్‌బీట్‌ను పాట మొదటినుంచి చివరిదాకా పట్టుకున్నాడు. అంతకుముందు న్యూ ఓర్లీన్స్ బృందాలు దాన్ని పాట ముగింపులో ఊపు పెంచడానికి మాత్రమే వాడేవి.

నాలుగోది అన్నిటికంటే సూక్ష్మం, ఫలితంలో అన్నిటికంటే పెద్దది. 1940ల పాటలు షఫుల్ నడకలో ఉండేవి. అంటే ఒక్కో బీట్ తిశ్రం: ‘తకిట’లో ‘త’ను సాగదీసి, ‘కి’ని అందులో కలిపేసి, ‘ట’ను పలికించడం. రాక్ అండ్ రోల్ ఈ తిశ్రాన్ని చతురశ్రంలోకి లాగింది; బీట్ రెండు సమభాగాలైంది, బార్‌కు ఎనిమిది సమానమైన దెబ్బలు వచ్చాయి. లిటిల్ రిచర్డ్ కుడిచేయి పియానో మీద సరిగ్గా ఇదే కొట్టేది. దానికి సరిపోవాలంటే తన వాయింపు మార్చుకోక తప్పలేదని పామర్ తర్వాత చెప్పాడు. ఈ మార్పు ఒక్కరోజులో పూర్తి కాలేదనడానికి 1958 నాటి ‘జానీ బి. గుడ్’ మంచి సాక్ష్యం. అందులో బెర్రీ గిటార్ సమంగా నడుస్తుంటే డ్రమ్స్ ఇంకా షఫుల్ వైపు మొగ్గుతుంటాయి. ఆ రెండు నడకల రాపిడే పాటకు ఊపునిచ్చింది. తర్వాతి బృందాలు చాలావరకు రెండిటినీ సమం చేసేశాయి, అందుకే వాటి కవర్లు (ఇతరుల పాటను మళ్లీ పాడి చేసిన రికార్డులు) నీట్‌గా ఉన్నా బిగువు తక్కువగా వినిపిస్తాయి.

గిటార్ వాక్యాల సంగతి చూద్దాం. టి-బోన్ వాకర్ 1940ల్లోనే ఎలక్ట్రిక్ గిటార్‌ను పాటకు ముందు నిలబెట్టాడు. రెండు తీగలను కలిపి మీటే పద్ధతి ఆయన దగ్గర్నుంచి బెర్రీకి వచ్చింది. ‘జానీ బి. గుడ్’ ఆరంభంలో ప్రపంచమంతా గుర్తుపట్టే గిటార్ పదం, లూయీ జోర్డన్ బృందంలో కార్ల్ హోగన్ 1946లో ‘ఎయింట్ దట్ జస్ట్ లైక్ ఎ వుమన్’ మొదట్లో వాయించినదే. బెర్రీ ఆ అప్పును దాచుకోలేదు, హోగన్ పేరు చెప్పాడు.

బో డిడ్లీ 1955లో తెచ్చిన లయ వేరే దారిలో వచ్చింది. పదహారు అక్షరాల ఆవృత్తంలో దెబ్బలు 1, 4, 7, 11, 13 మీద పడతాయి. కొన్నక్కోల్‌లో చెప్పాలంటే తకిట తకిట తకధిమి తక తకధిమి: మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న ఈ లయ క్యూబాలో క్లావేగా నిలిచింది, అమెరికా దక్షిణాదిలో ఒంటిమీద చేతులతో చరుచుకునే ‘హ్యాంబోన్’ ఆటలో నిలిచింది. దానికి బో డిడ్లీ వణికే ట్రెమొలో గిటార్‌ను, జెరోమ్ గ్రీన్ మరాకాస్‌ను జోడించారు. ఆ పాటలో కార్డ్ మార్పులు దాదాపు లేవు, లయే పాటను మోస్తుంది.

ఇక గిటార్ గరగర, అంటే డిస్టార్షన్. ‘రాకెట్ 88’ రికార్డింగ్‌కు వస్తుండగా గిటారిస్టు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయర్ దారిలో దెబ్బతింది. స్పీకర్ కాగితపు శంకువు చిరిగితే అది శుభ్రంగా ముందుకూ వెనక్కీ కదలలేదు. అంచులు కొట్టుకుని అసలు స్వరానికి కొత్త అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) కలుస్తాయి. లోపల కాగితాలు కుక్కి పని నడిపించారు. ఫిలిప్స్ ఆ ధ్వనిని తప్పుగా తీసిపారేయకుండా ముందుకు తెచ్చి రికార్డు చేశాడు. హ్యూస్టన్‌లో గోరీ కార్టర్ 1949లోనే ‘రాక్ అవైల్’లో గరుకు గిటార్ వాయించి ఉన్నాడు కాబట్టి ఈ ధ్వని కేవలం ఒక ప్రమాదం ఫలితమనడం సరికాదు. గట్టిగా, చిన్న ఆంప్‌ను దాని హద్దు దాటించి వాయించే అలవాటు బ్లూస్ క్లబ్బుల్లో అప్పటికే ఉంది.

చిన్న బృందాలు ఎందుకు గెలిచాయి

1940ల మొదట్లో అమెరికా డ్యాన్స్ సంగీతమంటే 15 మందికి పైగా ఉండే బిగ్ బ్యాండ్లు. పదేళ్లలో అవి చితికిపోయి ఐదారుగురి బృందాలు వచ్చాయంటే అభిరుచి ఒక్కటే కారణం కాదు.

1942 ఆగస్టు 1 నుంచి సంగీతకారుల సంఘం రికార్డింగుల సమ్మె చేసింది. డెక్కా 1943లో రాజీ పడింది, పెద్ద కంపెనీలు కొలంబియా, ఆర్‌సీఏ విక్టర్ 1944 నవంబరు దాకా పట్టుబట్టాయి. అదే సమయంలో రికార్డుల తయారీకి కావలసిన లక్కకు కరువొచ్చింది. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డులకు ముడిసరుకు షెల్లాక్. అది ఎక్కువగా మన దేశం నుంచే, ముఖ్యంగా ఛోటానాగ్‌పూర్ అడవుల లక్క నుంచే వెళ్లేది. యుద్ధంతో సరఫరా కుంగిపోయి, మిగిలినదాన్ని ప్రభుత్వం సైనిక అవసరాలకు మళ్లించింది. ఉన్న కొద్ది షెల్లాక్‌ను పెద్ద కంపెనీలు బాగా అమ్ముడయ్యే తెల్లజాతి గాయకులకు కేటాయించి, నల్లజాతి పాటలను పక్కన పెట్టాయి. 1944లో డ్యాన్స్ హాళ్ల మీద 30 శాతం ఫెడరల్ పన్ను పడింది. దాన్ని 20 శాతానికి తగ్గించినా పెద్ద హాళ్లు కోలుకోలేదు.

ఖాళీ అయిన చోటులోకి చిన్న స్వతంత్ర లేబుళ్లు, అంటే రికార్డు కంపెనీలు, దూరాయి. సిన్సినాటిలో కింగ్ (1943), లాస్ ఏంజెలెస్‌లో స్పెషాల్టీ (1946), న్యూయార్క్‌లో అట్లాంటిక్ (1947), హ్యూస్టన్‌లో పీకాక్ (1949), షికాగోలో చెస్ (1950). వీటిలో పీకాక్ యజమాని డాన్ రోబీ నల్లజాతీయుడు. 1953లో మొదలైన వీ-జే కూడా నల్లజాతి దంపతులదే. మిగిలిన వాటికి యజమానులు తెల్లవారు. దక్షిణాది పొలాల నుంచి షికాగో, డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాలకు లక్షలాది నల్లజాతి కుటుంబాలు తరలివచ్చాయి. చేతిలో జీతం, పక్కవీధిలో జ్యూక్‌బాక్స్ (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రం) ఉన్న ఈ కొత్త శ్రోతల కోసమే ఆ లేబుళ్లు పనిచేశాయి.

వాళ్లకు నప్పిన నమూనా లూయీ జోర్డన్. ఆయన ‘టింపనీ ఫైవ్’ బృందం పెద్ద బ్యాండు హోరును కొద్దిమందితోనే రాబట్టింది: ఒకటి రెండు సాక్సఫోన్లు, ట్రంపెట్, పియానో, గిటార్, బాస్, డ్రమ్స్. 1946లో వచ్చిన ‘చూ చూ చ్‌బూగీ’ 18 వారాలు నల్లజాతి పాటల చార్టులో మొదటి స్థానంలో ఉంది. డెక్కాలో ఆయన పాటల నిర్మాత మిల్ట్ గేబ్లర్. 1954 ఏప్రిల్ 12న తెల్లజాతి గాయకుడు బిల్ హేలీతో ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ చేయించిందీ గేబ్లరే. జోర్డన్ షఫుల్ పద్ధతిని హేలీ బృందానికి నేర్పానని గేబ్లర్ చెప్పాడు. ప్రభావం అన్న మాట ఇక్కడ ఊహ కాదు. రెండు రికార్డింగుల వెనకా ఉన్నది ఒకే మనిషి.

సరిహద్దు ఎక్కడ చెరిగింది

బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి పాటల చార్టుకు 1949 జూన్ దాకా ‘రేస్ రికార్డ్స్’ అన్న పేరే ఉంది. తర్వాత దాన్ని ‘రిథమ్ అండ్ బ్లూస్’గా మార్చారు. ఈ చార్టు సంగీత లక్షణాలను కొలవదు. నల్లజాతి పేటల్లోని దుకాణాల్లో, జ్యూక్‌బాక్సుల్లో ఏది నడుస్తోందో చూసి తయారు చేసేవారు. అంటే పాట ఏ చార్టులో ఉందన్నది కొన్నవారు ఎవరో చెబుతుంది, పాట ఎలాంటిదో చెప్పదు. ఈ సంగతి మరిచిపోయి ఆనాటి చార్టులను సంగీత వర్గీకరణగా చదవడంతోనే చాలా గందరగోళం వచ్చిపడింది.

చార్టులను విడదీసినట్టు రేడియో తరంగాలను విడదీయడం కుదరలేదు. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ 1949 నాటికి పూర్తిగా నల్లజాతి శ్రోతల స్టేషన్ అయింది. తెల్లజాతి పిల్లలూ దాన్ని వింటున్నారు. క్లీవ్‌లాండ్‌లో రికార్డుల దుకాణదారు లియో మింట్జ్ తన దగ్గర తెల్లజాతి కుర్రాళ్లు రిథమ్ అండ్ బ్లూస్ కొంటున్నారని గమనించి, డిస్క్ జాకీ అలన్ ఫ్రీడ్‌కు చెప్పాడు. ఫ్రీడ్ 1951లో డబ్ల్యూజేడబ్ల్యూ స్టేషన్‌లో ‘మూన్‌డాగ్’ పేరుతో రాత్రి కార్యక్రమం మొదలుపెట్టాడు. 1952 మార్చి 21న ఆయన పెట్టిన కచేరీకి సుమారు 10 వేల మంది పట్టే హాలుకు దాదాపు రెట్టింపు జనం వచ్చి, కచేరీ మొదట్లోనే ఆగిపోయింది. 1954లో న్యూయార్క్‌కు మారాక, మూన్‌డాగ్ అన్న పేరు తనదని సంగీతకారుడు లూయీ హార్డిన్ కోర్టులో గెలవడంతో, ఫ్రీడ్ కార్యక్రమం పేరు ‘రాక్ ఎన్ రోల్ పార్టీ’ అయింది. బ్లూస్ పాటల్లో కనీసం 1922 నుంచి ఉన్న మాట ఇలా ఒక మార్కెట్ పేరుగా స్థిరపడింది. ఫ్రీడ్ ఈ సంగీతాన్ని తయారు చేయలేదు కానీ, కవర్లకు బదులు అసలు రికార్డులే వేసినందుకు ఆయనకు దక్కవలసిన గౌరవం ఉంది.

ఎల్విస్‌ను కూడా ఈ చట్రంలోనే చూడాలి. శామ్ ఫిలిప్స్ అంతకుముందు హౌలిన్ వుల్ఫ్, బీబీ కింగ్, రూఫస్ థామస్‌లను రికార్డు చేసినవాడు. 1954 జూలైలో ఆయన సొంత సన్ లేబుల్ మీద వచ్చిన ఎల్విస్ తొలి రికార్డుకు ఒకవైపు ఆర్థర్ ‘బిగ్ బాయ్’ క్రూడప్ 1946 నాటి బ్లూస్ ‘దట్స్ ఆల్ రైట్’, రెండోవైపు కంట్రీ పాట, అంటే దక్షిణాది తెల్లజాతి గ్రామీణ శైలి పాట. సన్ మీద ఆయన విడుదల చేసిన ఐదు రికార్డులూ ఇదే పద్ధతి. ఒక వైపు నల్లజాతి మూలం, మరోవైపు తెల్లజాతి శ్రోతకు అలవాటైన మూలం ఉండటంతో రెండు రకాల స్టేషన్లకూ పనికొచ్చేవి. 1955 నవంబరులో ఆర్‌సీఏ ఆయన కాంట్రాక్టును 35 వేల డాలర్లకు కొన్నది. ఎల్విస్ గొంతులోని ప్రతిభ నిజమే. దేశవ్యాప్త పంపిణీ, టెలివిజన్, సినిమా అతనికి తెరుచుకున్నంత సులువుగా ఆనాడు ఏ నల్లజాతి గాయకుడికీ తెరుచుకోలేదన్నదీ అంతే నిజం.

రెండు సెంట్ల లెక్క

అప్పటికి అమల్లో ఉన్నది 1909 నాటి కాపీరైట్ చట్టం. ఒక పాట ఒకసారి రికార్డయ్యాక, ఎవరైనా దాన్ని మళ్లీ రికార్డు చేయవచ్చు. అనుమతి అక్కర్లేదు, ఒక్కో కాపీకి పాటకు రెండు సెంట్లు (సెంటు డాలరులో నూరో వంతు) కడితే చాలు. ఈ రేటు 1978 దాకా మారలేదు. రివాజు ప్రకారం అందులో ఒక సెంటు పబ్లిషర్‌కు (పాట హక్కులు చూసుకునే సంస్థకు), ఒక సెంటు రచయితకు. మొదట పాడినవారికి, వాయించినవారికి ఏమీ లేదు. రికార్డు అయిన శబ్దానికి ఫెడరల్ కాపీరైట్ 1972 ఫిబ్రవరి 15 నుంచి, అదీ ఆ తర్వాత చేసిన రికార్డింగులకే వచ్చింది.

లెక్క వేసి చూస్తే సంగతి తేలికగా బోధపడుతుంది. ఒక కవర్ వెర్షన్ 10 లక్షల కాపీలు అమ్ముడైతే పాట వాటా 20 వేల డాలర్లు. పబ్లిషర్‌కు 10 వేలు, రచయితకు 10 వేలు. మూల గాయని రచయిత కాకపోతే ఆమె వాటా సున్నా. రచయితే అయినా, తన పేరు పక్కన ఇంకో రెండు పేర్లు చేర్చితే ఆమెకు వచ్చేది 3,333 డాలర్లు. లేబుల్ యజమానే పబ్లిషింగ్ కంపెనీ కూడా పెట్టుకుంటే మిగతా సగం అతని ఇంటికే చేరుతుంది. చెస్ సోదరులకు వాటా ఉన్న ఆర్క్ మ్యూజిక్ అలాంటి కంపెనీయే.

బాణీకి, మాటలకు రక్షణ ఉంది. అరేంజ్‌మెంట్‌కు లేదు. సాక్సఫోన్ ఎక్కడ వస్తుంది, చప్పట్లు ఎక్కడ పడతాయి, గొంతు ఎక్కడ విరుగుతుంది అన్నవి ఎవరైనా ఎత్తుకోవచ్చని 1950లో సుప్రీమ్ రికార్డ్స్–డెక్కా కేసులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు తీర్పు దాదాపుగా తేల్చేసింది. నల్లజాతి యాజమాన్యంలోని చిన్న లేబుల్ ఆ కేసులో ఓడిపోయింది. తర్వాత నల్లజాతి గాయని లవర్న్ బేకర్ పాడిన ‘ట్వీడిల్ డీ’ని తెల్లజాతి గాయని జార్జియా గిబ్స్ అరేంజ్‌మెంట్‌తో సహా అనుకరించి పెద్ద హిట్ చేసుకుంది. అరేంజ్‌మెంట్‌కూ రక్షణ ఇవ్వాలని బేకర్ 1955లో మిషిగన్ కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ డిగ్స్‌ను కోరింది. చట్టం మారలేదు.

ఈ నిబంధన అందరికీ ఒకటే కదా అని అడగవచ్చు. కాగితం మీద ఒకటే. కానీ బ్లూస్‌లో పన్నెండు బార్ల చట్రం ఉమ్మడి ఆస్తి. మాటలు పాత పాటల నుంచి కొంత వచ్చి చేరేవి. ఒక పాటను ఇంకో పాట నుంచి వేరు చేసేది వాయింపులోని తీరు. స్వరలిపి కాగితం మీద రాయగలిగినదాన్నే ఆస్తిగా గుర్తించిన చట్టం, చెవితో నేర్చి చేతితో అందించిన సంగీతంలో అసలు విలువను బయటే వదిలేసింది. రాక్ అండ్ రోల్ డబ్బు దారి మళ్లడానికి వ్యక్తుల దురాశ కన్నా పెద్ద కారణం ఇదే.

కవర్లు కొందరికి మేలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1955లో తెల్లజాతి గాయకుడు ప్యాట్ బూన్ పాడిన ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ పాప్ చార్టులో మొదటి స్థానానికి, ఫ్యాట్స్ డామినో అసలు పాట పదో స్థానానికి వెళ్లాయి. కానీ పాట రాసింది డామినో, డేవ్ బార్తలొమ్యూలే కాబట్టి బూన్ అమ్మకాల మీద రచయిత వాటా వాళ్లకు వచ్చింది. లిటిల్ రిచర్డ్ సంగతి ఇంత బాగా లేదు. స్పెషాల్టీతో ఒప్పందం ప్రకారం రికార్డుకు అర సెంటు రాయల్టీ. బూన్ ‘టూటీ ఫ్రూటీ’ని కూడా కవర్ చేసి పాప్ చార్టులో అసలును దాటాడు. దాంతో 1956లో ‘లాంగ్ టాల్ శాలీ’ని బూన్ నాలుక తిరగనంత వేగంగా పాడించారు. ఈసారి పాప్ చార్టులో రిచర్డ్‌ది ఆరో స్థానం, బూన్‌ది ఎనిమిది.

పేర్ల పక్కన చేరిన పేర్లు

రికార్డు లేబుల్ మీద పాట పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేవే రచయితల పేర్లు. రాయల్టీ నడిచేది వాటి ప్రకారం. పాత రికార్డు చేతికి వస్తే ముందుగా చూడవలసింది అక్కడే.

చక్ బెర్రీ ‘మేబెలీన్’ 1955 మే 21న రికార్డయింది. పాత కంట్రీ పాట ‘ఐడా రెడ్’ను తిరగరాసి చేసినది. విడుదలయ్యాక చూస్తే రచయితలుగా బెర్రీతో పాటు అలన్ ఫ్రీడ్, రస్ ఫ్రాటో పేర్లున్నాయి. ఒక్క మాట కూడా రాయని ఫ్రీడ్‌కు వాటా దక్కింది కాబట్టి ఆ పాటను రేడియోలో పదేపదే వేయడానికి ఆయనకు సొంత కారణం ఏర్పడింది. పాట రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో మొదటి స్థానం, పాప్ చార్టులో ఐదో స్థానం అందుకుంది. అదనపు పేర్లు తొలగి హక్కు పూర్తిగా బెర్రీకి తిరిగొచ్చింది 1986లో.

మారుపేర్లు మరో పద్ధతి. మోడరన్ రికార్డ్స్ యజమానులు బిహారీ సోదరులు టాబ్, జోసియా, లింగ్ అన్న పేర్లతో తమ కళాకారుల పాటల్లో సహ రచయితలయ్యారు. డాన్ రోబీ వాడుకున్న పేరు డెడ్రిక్ మలోన్. రోబీ నల్లజాతీయుడే; యజమాని జాతి ఏదైనా వ్యాపార పద్ధతి అదేనని దీన్నిబట్టి తెలుస్తుంది. నల్లజాతి రచయిత ఓటిస్ బ్లాక్‌వెల్ ‘డోంట్ బి క్రూయల్’, ‘ఆల్ షుక్ అప్’ రాశాడు. రెండింటి మీదా సహ రచయితగా ఎల్విస్ పేరుంది. ఎల్విస్ పాడితే వచ్చే అమ్మకాల కోసం వాటా వదులుకోవడం బ్లాక్‌వెల్‌కు లాభమే కావచ్చు. అయినా పాట రాసిన ఘనత సగం చేయి మారింది.

క్రూడప్ విషయంలో వాటా కూడా అందలేదు. ‘దట్స్ ఆల్ రైట్’ ప్రపంచమంతా తిరిగినా ఆయన కూలిపనులు చేసుకుంటూ బతికి, రాయల్టీ పోరాటం తేలకముందే 1974లో మరణించాడు.

ఎదురు వాదనల్లో నిజమెంత

కంట్రీ సంగీతం పాత్ర లేదనడం తప్పు. డెల్మోర్ బ్రదర్స్ వంటి తెల్లజాతి బృందాలు 1940ల మధ్యలోనే బూగీని కంట్రీలో కలిపాయి. ‘మేబెలీన్’ కథనశైలి కంట్రీదే. బెర్రీ సెయింట్ లూయీ క్లబ్బుల్లో కంట్రీ పాటలు పాడి నల్లజాతి శ్రోతలను మెప్పించినవాడు. అయితే ఆ కంట్రీ బూగీలోని ‘బూగీ’ ఎక్కడిదన్న ప్రశ్న వేస్తే దారి మళ్లీ నల్లజాతి పియానిస్టుల దగ్గరికే వెళుతుంది. కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ గిటార్ గురువు రూఫస్ పేన్ కూడా నల్లజాతి వీధి కళాకారుడే.

‘హౌండ్ డాగ్’ కథ ఇంకా మెలికలు తిరిగింది. దాన్ని రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టాలర్ ఇరవై ఏళ్లు నిండని యూదు కుర్రాళ్లు. బిగ్ మామా థార్న్‌టన్ 1952 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో పాడింది. 1953లో అది రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఎల్విస్ 1956లో పాడినది నేరుగా ఆమె పాట కాదు. లాస్ వేగస్‌లో ఫ్రెడ్డీ బెల్ బృందం హాస్యంగా మార్చి పాడుతున్న రూపాన్ని ఆయన తీసుకున్నాడు. కాబట్టి ఇక్కడ ‘నల్లజాతి రచనను తెల్లవాడు ఎత్తుకున్నాడు’ అన్న మాట అతకదు. థార్న్‌టన్ గర్జన, గిటారిస్టు పీట్ లూయిస్ మీటిన తీగలు, వాటి మధ్య ఆమె వదిలిన ఖాళీలు ఆ పాటకు రూపమిచ్చాయి. ఆ పనికి చట్టంలో పేరే లేదు.

మరుపు ఎప్పుడు మొదలైంది

1956లో ఈ సంగీతం ఎవరిదన్న అనుమానం దాని శత్రువులకు లేదు. అలబామాలో ఏసా కార్టర్ నాయకత్వంలో, జాతులను వేరుగా ఉంచాలనే తెల్లజాతివాదులు రాక్ అండ్ రోల్‌ను నల్లజాతి సంగీతమనే కారణంతోనే నిషేధించాలని ప్రచారం చేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 10న బర్మింగ్‌హామ్ వేదిక మీద నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్‌పై దాడి జరిగింది. ఆయన పాడేది రాక్ అండ్ రోల్ కూడా కాదు. 1957లో ఫ్రీడ్ టీవీ కార్యక్రమంలో నల్లజాతి కుర్రాడు ఫ్రాంకీ లైమన్ ఒక తెల్లజాతి అమ్మాయితో డ్యాన్స్ చేయడం తెరమీద కనబడగానే దక్షిణాది స్టేషన్లు అభ్యంతరం చెప్పాయి, కార్యక్రమం ఆగిపోయింది.

జ్ఞాపకం మసకబారింది ఆ తర్వాతే. 1957లో లిటిల్ రిచర్డ్ మతబోధ వైపు వెళ్లిపోయాడు. 1959 చివర్లో అరెస్టయిన బెర్రీ 1962లో జైలుకెళ్లాడు. రేడియో లంచాల విచారణల్లో ఫ్రీడ్ దెబ్బతిన్నాడు. 1964లో బ్రిటిష్ బృందాలు వచ్చాయి. బీటిల్స్ బెర్రీ పాటలు, రిచర్డ్ పాటలు రికార్డు చేసి వారి పేర్లు గౌరవంగా చెప్పారు. అయినా అమెరికా రేడియో ‘రాక్’ను ఒకవైపు, నల్లజాతి సంగీతమైన ‘సోల్’ను మరోవైపు పెట్టడం మొదలుపెట్టాక, గిటార్ పట్టిన తెల్లజాతి బృందమే రాక్‌కు ముఖమైంది. హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో మొదటగా ఎంచుకున్న పదిమంది ప్రదర్శనకారుల ఎంట్రీల్లో ఆరు నల్లజాతివారివి. రొసెటా థార్ప్‌కు మాత్రం అక్కడ చోటు 2018లో దొరికింది. గిటార్ పట్టిన ఆడవాళ్లు, చర్చి నుంచి వచ్చినవాళ్లు ఈ మరుపులో మిగతావారికన్నా లోతుగా కూరుకుపోయారు.

ఇప్పటికీ నడుస్తున్న లెక్కలు

అట్లాంటిక్‌కు తొలినాళ్ల హిట్లు ఇచ్చిన రూత్ బ్రౌన్, తనకు రాయల్టీ రాకపోగా స్టూడియో ఖర్చుల కింద తానే బాకీ ఉన్నట్టు చూపడంపై 1980ల్లో న్యాయవాది హొవెల్ బిగిల్‌తో కలిసి పోరాడింది. ఫలితంగా అట్లాంటిక్ పాత లెక్కలను సరిచేసింది, పాత తరం కళాకారులకు సాయపడే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ 1988లో ఏర్పడింది.

2018 నాటి మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం 1972కు ముందటి రికార్డింగులనూ ఫెడరల్ రక్షణలోకి తెచ్చింది. 1947–56 మధ్య విడుదలైన వాటికి 110 ఏళ్లు. ఆ లెక్కన ‘రాకెట్ 88’ రికార్డింగుకు 2061 చివరిదాకా. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోల నుంచి వసూలైన రాయల్టీని సౌండ్‌ఎక్స్చేంజ్ సంస్థ పంచుతుంది: రికార్డింగు యజమానికి 50 శాతం, ప్రధాన కళాకారుడికి 45, పక్కన వాయించినవారి నిధికి 5. ప్రధాన కళాకారుడి వాటా లేబుల్ చేతికి వెళ్లదు, నేరుగా అతనికో వారసులకో అందుతుంది. వారసులు ముందుగా నమోదు చేసుకోవాలి. వీలునామా లేకపోవడం, రంగస్థల పేరు ఒకటి అసలు పేరు ఇంకొకటి కావడం, బృందం పేరు మీదే రికార్డు ఉండటం వంటి చిక్కుల దగ్గర ఈ దరఖాస్తులు ఆగిపోతుంటాయి.

మామూలు ఏఎం, ఎఫ్‌ఎం రేడియో మాత్రం అమెరికాలో ఇప్పటికీ పాట రచయితకు, పబ్లిషర్‌కు చెల్లిస్తుంది. పాడినవారికి, వాయించినవారికి చెల్లించదు. ఆ చెల్లింపును తప్పనిసరి చేయాలనే బిల్లు 2021లో కాంగ్రెస్ ముందుకు వచ్చింది. ప్రసార సంస్థలు దాన్ని వ్యతిరేకిస్తున్నాయి.